మంచునీళ్లు దిగేలోపు



మా కోనసీమ రైతులు రెండు మాటలు జంటగా వాడతారు. అదను, పదును. నేల పదునులో ఉండాలి, విత్తనం అదనులో పడాలి. అదను తప్పిన చేనుకి ఎంత ఎరువు తోలినా పంట చేతికి రాదని మా నాన్న అనేవారు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది సేద్యం గురించి కాదు. భూగోళానికి అవతలి పక్కన ఉన్న ఒక కొండ ఏటి గురించి, ఆ ఏట్లో వసంతకాలంలో పడవ మీద తేలుతూ ట్రౌట్ చేపలు పట్టడం గురించి. కానీ ఆ సంగతి చెప్పాలంటే నాకు ఈ అదను అనే మాట లేకుండా కుదరదు.

మేం ఉండేది సియాటిల్ దగ్గర. ఆరేళ్ల కిందట మా అమ్మాయి చదువుకోవడానికి మోంటానా రాష్ట్రంలోని బోజ్‌మన్‌కి వెళ్లింది. చదువు అయ్యాక అక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. అక్కడ చలికాలం చాలా పెద్దది. ఆ చలికాలంలో దానికి ఒక వ్యాపకం అబ్బింది. రాత్రిళ్లు దీపం కింద కూర్చుని ఈకలు, వెంట్రుకలు, దారప్పోగులతో చేపల గాలాల మీద పురుగు బొమ్మలు చుట్టడం. మొదటి వసంతంలోనే ఫోన్ చేసి, "అమ్మా, ఏరు ఇంకా తేటగానే ఉంది, రా!" అంది. పదకొండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాను. అప్పటినుంచి ఏటా వెళుతున్నాను. ఆ ఫోను కోసం ఏప్రిల్ మూడో వారం నుంచే చెవి అటే ఉంటుంది.

ఆ ఏటి పేరు ఎల్లోస్టోన్. వయోమింగ్ కొండల్లో పుడుతుంది. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఒక పెద్ద సరస్సులో చేరి, అందులోంచి మళ్లీ బయటపడి, ఒకచోట 308 అడుగుల ఎత్తునుంచి లోయలోకి దూకుతుంది. మోంటానాలోని గార్డినర్ అనే చిన్న ఊరి దగ్గర పార్కు దాటుతుంది. యాంకీ జిమ్ అనే ఇరుకు లోయ దాటాక నేల ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అదే పారడైజ్ వ్యాలీ. తూర్పున అబ్సారొకా కొండలు, పడమట గాలటిన్ కొండలు. మే నెలలో కూడా రెండు వైపులా శిఖరాల మీద మంచు తెల్లగా ఉంటుంది. కింద మాత్రం గడ్డి అప్పుడే పచ్చబడుతుంటుంది, ఏటి ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లకి చిగుళ్లు జిగురు జిగురుగా మెరుస్తుంటాయి. ఆ చిగుళ్ల వాసన తేనెలో ఏదో పసరు కలిపినట్టు ఉంటుంది. ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. నది అక్కణ్నుంచి లివింగ్‌స్టన్ అనే ఊరు దాటి తూర్పుకి తిరిగి, మొత్తం 692 మైళ్లు, అంటే 1,100 కిలోమీటర్ల పైచిలుకు పారి మిస్సోరీ నదిలో కలుస్తుంది.

ఇంత పొడుగునా నీటిని నిలవబెట్టే జలాశయం మనిషి కట్టింది ఒక్కటీ లేదు. దిగువన సాగునీరు మళ్లించడానికి వేసిన పొట్టి అడ్డుకట్టలు ఉన్నాయి గానీ, ఏటిని ఆపి, తాళం వేసి, కావలసినప్పుడు వదిలే పెద్ద ఆనకట్ట లేదు. అందుకే ఈ ఏరు ఎప్పుడు ఎలా ఉంటుందో నిర్ణయించేది కొండమీది మంచు, దాని మీద పడే ఎండ. ఈ రెండే.

ఇక అదను సంగతి. మార్చిలో నీళ్లు చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. చేప చల్లని రక్తం జీవి కదా, ఆ చలిలో దానికి ఆకలీ తక్కువే, కదలికా తక్కువే. పొద్దు పెరిగేకొద్దీ నీళ్లు వెచ్చబడతాయి. వేడి 12 డిగ్రీల సెల్సియస్‌కి చేరేసరికి ఏటి అడుగున రాళ్లని పట్టుకుని చలికాలమంతా గడిపిన క్యాడిస్ అనే పురుగులు లక్షలాదిగా పైకి లేచి రెక్కలు తొడుక్కుంటాయి. అమెరికాలో మే రెండో ఆదివారం మదర్స్ డే. సుమారుగా ఆ రోజుల్లోనే లేస్తాయి కాబట్టి వీటిని అక్కడివాళ్లు మదర్స్ డే క్యాడిస్ అంటారు. చేపలు వాటికోసం పిచ్చెత్తినట్టు నీటి పైకి వస్తాయి. సంవత్సరం మొత్తంలో అంతటి సంబరం మళ్లీ ఉండదు.

కానీ నీటిని వెచ్చబరిచి పురుగుని లేపే ఎండే కొండమీది మంచునీ కరిగిస్తుంది. మంచు కరిగిందంటే ఏరు పొంగి బురదవుతుంది. ఏప్రిల్లో రెండుమూడు వేల క్యూసెక్కులు పారే నీరు జూన్ మొదటికి ఇరవై వేలకు చేరినా అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. దవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే గానీ మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరెయ్యని గోదావరి మనిషికి ఈ లెక్క పిల్లకాలవలా అనిపించవచ్చు. అయితే ఇది వాలు ఎక్కువ ఉన్న కొండ ఏరు. ఇరవై వేలంటే చెట్లు వేళ్లతో సహా కొట్టుకొస్తాయి. కాబట్టి పురుగు ముందా, బురద ముందా అన్నది ఏటా తేలాల్సిన పందెం. ఏ ఏడు పురుగు ముందు లేస్తుందో ఆ ఏడు పది రోజుల పండగ. బురద ముందొస్తే పురుగు లేచినా చేపకి కనబడదు, చేప మనకి కనబడదు. అక్కడితో జూలై దాకా సెలవు.

అందుకని ఏప్రిల్లో అక్కడి గైడులు మధ్యాహ్నపు ఎండ కన్నా రాత్రి చలిని ఎక్కువ గమనిస్తారు. రాత్రి గడ్డకట్టే చలి ఉంటే పైన మంచు కదలదు, ఏరు తేటగా ఉంటుంది. రెండు రాత్రులు వరసగా వెచ్చగా ఉన్నాయంటే ఎక్కడో పార్కులోపల లమార్ అనే ఉపనది మట్టి తీసుకుని బయల్దేరిందన్నమాటే. ఈ సంవత్సరం మా అమ్మాయి ఫోనులో చెప్పింది కూడా అదే. "రేపూ ఎల్లుండీ రాత్రి చలి ఉందమ్మా. ఆ తర్వాత చెప్పలేను."

పడవ గురించి చెప్పాలి. డ్రిఫ్ట్ బోట్ అంటారు. ఒరెగాన్ రాష్ట్రంలో మెకెంజీ నది మీద పుట్టిన తీరు ఇది. అడుగు బల్లపరుపు, ముందూ వెనకా కొమ్ములు పైకి లేచి అరటి దొప్పలా వంపు తిరిగి ఉంటుంది. మోటారు లేదు. మధ్యలో తెడ్లు పట్టుకుని గైడు కూర్చుంటాడు, ముందొకరు, వెనకొకరు గాలం పట్టుకుంటారు. మన పడవలవాళ్లు పడవ ముందుకు పోవడానికి తెడ్డు వేస్తారు. ఇక్కడ గైడు దిగువకే ముఖం పెట్టి కూర్చుని, ఎగువకి తెడ్డు వేస్తాడు. ఏరు తోసుకుపోతూనే ఉంటుంది. అతని పని ఆ తోపుని బిగబట్టడం, నీరు పోయే వేగం కన్నా పడవని నెమ్మదిగా పోనివ్వడం. రోజంతా, ఆరేడు గంటలు, అలా ఏటికి ఎదురు తెడ్డు వేస్తూనే ఉంటాడు. మా గైడుకి అరవై దాటాయి. అరచేతులు ఎండిన తాటిమట్టల్లా ఉంటాయి. మేం చేప పట్టామంటే సగం పైగా ఆ చేతుల పుణ్యమే.

మేం సాధారణంగా మల్లార్డ్స్ రెస్ట్ అనే రేవులో పడవ దింపి, లివింగ్‌స్టన్‌కి ఎగువన ఉన్న కార్టర్స్ బ్రిడ్జి దగ్గర ఒడ్డెక్కిస్తాం. ఒక పూర్తి రోజు ప్రయాణం. లైఫ్ జాకెట్ తియ్యడానికి గైడు ఒప్పుకోడు. ఆ చన్నీళ్లలో పడితే ఎంత ఈతగాడికైనా నిమిషాల్లో చేతులు స్వాధీనం తప్పుతాయి. ఒడ్డు కోసుకుపోయి నీళ్లలోకి వాలిన చెట్లు మరీ ప్రమాదం. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది గానీ మనిషి పోలేడు. ఇక లివింగ్‌స్టన్ గాలి. అది ఆ రాష్ట్రమంతా పేరుమోసిన గాలి. మధ్యాహ్నం తిరగ్గానే కొండల సందులోంచి దిగి, విసిరిన దారాన్ని మన ముఖానికే తెచ్చి కొడుతుంది. ఒక ఏడు అలా నా చెవి తమ్మెకే గాలం గుచ్చుకుంది. ముల్లు నొక్కేసిన గాలం కాబట్టి గైడు చిటికెలో తీసేశాడు. చేపల కోసం ముల్లు నొక్కేసే అలవాటు ఎంత మంచిదో ఆ రోజు నా చెవి నాకు చెప్పింది.

నేను చిన్నప్పుడు నాన్న వెంట కాలవగట్టుకి వెళ్లేదాన్ని. వెదురుబద్ద, నైలాను దారం, సీసపు గుండు, దానిమీద నెమలీక కాడతో చేసిన బెండు. ఎర్రని గుచ్చి నీళ్లలో వేసి, బెండు మునిగేదాకా కూర్చోవడమే. పురుగు బొమ్మలతో చేపలు పట్టే ఈ ఫ్లై ఫిషింగ్ చూసినప్పుడు నాకు ముందు అర్థం కానిది విసరడం. మన గాలంలో బరువు గుండులో ఉంటుంది, అది దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ గాలానికి ఉన్నది చిటికెన వేలి గోరంత ఈకల ముద్ద. దానికి బరువే లేదు. బరువంతా దారంలో ఉంటుంది. పూత పూసిన లావుపాటి దారాన్ని తొమ్మిదడుగుల బద్దతో వెనక్కి విసిరి, అది గాల్లో పూర్తిగా చాపుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి కొట్టాలి. ఆ ఆగడమే విద్య. తొందరపడితే దారం కొరడాలా చెళ్లుమంటుంది, ఆలస్యమైతే వెనక గడ్డిలో పడుతుంది. మా ఊళ్లో విసురువల వేసే పెద్దాయన ఒకాయన వల భుజంమీంచి వదిలేముందు ఊపిరి బిగపట్టి రెప్పపాటు ఆగేవాడు. మూడో వసంతంలో ఆయన్ని తల్చుకుని విసిరిన రోజే నాకు దారం తిన్నగా పోయింది.

మా అమ్మాయి చుట్టే పురుగు బొమ్మల డబ్బా తెరిస్తే నాకు కాలం తెలియదు. ఒక్కటి చూపిస్తాను, మీరు మనసులో పట్టుకోండి. గాలం పొడుగు సెంటీమీటరు. దానికి ఆకుపచ్చ, మట్టి రంగుల బొచ్చుదారం ఒళ్లుగా చుట్టింది. ఆ ఒంటి మీదుగా కోడిపుంజు మెడ ఈక ఒకటి సర్పిలంగా తిప్పింది. ఆ ఈక పీచులే పురుగు కాళ్లు. పైన ఎల్క్ అనే పెద్ద దుప్పి వెంట్రుకల కుచ్చు, వెనక్కి వాలేలా కట్టింది. అది రెక్క. ఆ వెంట్రుక లోపల డొల్ల. అందులో గాలి ఉంటుంది కాబట్టి బొమ్మ మునగదు. దీని పేరు ఎల్క్ హెయిర్ క్యాడిస్. 1957లో పెన్సిల్వేనియాలో అల్ ట్రాత్ అనే ఆయన తయారుచేశాడు. తర్వాత ఆయన మోంటానాకే వచ్చి డిల్లన్ అనే ఊళ్లో గైడుగా స్థిరపడ్డాడు. ఇప్పుడు ట్రౌట్ ఉన్న దేశాలన్నిట్లోనూ ఈ బొమ్మ ఉంది.

దానికి రెండడుగుల కింద ఇంకో బొమ్మ కడతారు, నీళ్లలో మునిగి పోయేది. ప్రిన్స్ నింఫ్ దాని పేరు. దాని ఒళ్లు నెమలి పింఛం పోగులతో చుడతారు. మా అమ్మాయి ఆ పోగుని దీపం ముందు పెట్టి తిప్పుతూ, "చూడమ్మా, ఒక్క పోగులో ఎన్ని రంగులో!" అన్నప్పుడు నాకు నాన్న బెండు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. అమెరికాలో ఈ పనికోసమే ప్రత్యేకంగా కోళ్లని పెంచడం మొదలయ్యేదాకా, కోడిపుంజు మెడ ఈకలు కూడా ఎక్కువగా మన దేశం నుంచీ చైనా నుంచీ వెళ్లినవే. ఎక్కడో మన పెరటి పుంజు మెడ ఈక ఆ రాకీ పర్వతాల ఏట్లో తేలిందన్నమాట.

ఈ ఏడు మేం పడవ దింపింది మే మొదటి వారంలో. పొద్దున్న చలి. పదకొండు దాకా ఏమీ లేదు. గైడు పడవని ఒక గులకరాళ్ల మెట్టకి ఆనించి, మోకాలిలోతు నీళ్లలోంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. రాయి అడుగున అగ్గిపుల్ల ముక్కల్లాంటివి పదో పన్నెండో అతుక్కుని ఉన్నాయి. దగ్గరగా చూస్తే ఒక్కొక్కటీ నాలుగు పలకల గొట్టం. ఒక కొన సన్నం, ఒక కొన వెడల్పు. ఆకుల, పుల్లల ముక్కల్ని సమానంగా కత్తిరించి, వరసమీద వరస పేర్చి, నోటినుంచి వచ్చే పట్టుదారంతో అతికించి కట్టుకున్న ఇళ్లు అవి. కొన్నిటి వాకిలి మూసి ఉంది. లోపల పురుగు రూపం మార్చుకుంటోంది. మూడు ఇళ్లు ఖాళీ. గైడు ఆ ఖాళీ ఇళ్లు చూపించి, "మొదలైంది. ఇంకో గంట" అన్నాడు. రాయిని ఎక్కణ్నుంచి తీశాడో అక్కడే, అదే పక్క కిందికి వచ్చేలా పెట్టాడు.

గంట పట్టలేదు. ముందు నా చేతి మీద ఒకటి వాలింది. బూడిద రంగు రెక్కలు వీపు మీద తాటాకు పాక కప్పులా రెండువైపులా వాల్చుకుని కూర్చుంది. తర్వాత టోపీ మీద, కళ్లద్దాల మీద, తెడ్ల మీద. చూస్తుండగానే ఏటి మీద పొగ లేచినట్టు పురుగులు. సుడి తిరిగే చోట్ల అవి గుంపులుగా చేరి చాపలు పరిచినట్టు తేలుతున్నాయి. అప్పుడు మొదలయ్యాయి చేపలు. వాన మొదటి చినుకులు చెరువు మీద పడ్డట్టు ఇక్కడో వలయం, అక్కడో వలయం. కాసేపటికి వాన కురిసినట్టే అయింది.

అంత తిండి ఉన్నప్పుడు మన బొమ్మని చేప ఎందుకు తింటుంది? ఆ కష్టం చెప్పనలవి కాదు. నిజం పురుగులు వేలల్లో ఉన్నచోట మనది ఒకటి. అది నీటితో పాటు, దారం లాగుడు ఏమాత్రం తగలకుండా, వదులుగా పోవాలి. జానెడు దూరం అడ్డంగా జారినా చేపకి తెలిసిపోతుంది. గైడు నన్ను చేపలు చూడొద్దన్నాడు. "నీళ్లు చూడండి" అన్నాడు. వడి నీరూ నెమ్మది నీరూ ఆనుకుని పోయే చోట సన్నటి అతుకు గీత ఒకటి ఉంటుంది. చేప నెమ్మది నీళ్లలో ఒళ్లు అలవకుండా నిలబడి, పక్కన వడి నీరు మోసుకొచ్చే తిండిని మూతి చాచి అందుకుంటుంది. గోదావరి పడవలవాళ్లకి ఈ సంగతి పుట్టుకతోనే తెలుసు. ఏ పాయలో వడి ఎక్కువో, ఎక్కడ మడుగు ఉందో, ఎక్కడ ఇసుక మేట వేసిందో వాళ్లు నీటి పైముఖం చూసి చెబుతారు. ఆ చదువే ఇదీను. నాకు ఆ ఏట్లో పరాయితనం పోయింది ఆ గీత కనబడ్డ రోజునే.

ఆ అతుకు మీద నా బొమ్మ ఆరేడు గజాలు పోయింది. ఒక మూతి నింపాదిగా పైకొచ్చింది, నోరు తెరిచింది, మూసింది. బద్ద వంగింది.

వల్లోకి వచ్చాక చూస్తే కట్‌త్రోట్. ఆ ఏటి సొంత చేప అది. ఒళ్లు పసుపు కలిసిన రాగి రంగు, తోకవైపు దట్టంగా నల్లచుక్కలు, దవడ కింద రెండువైపులా కుంకుమతో గీసినట్టు ఎర్రని చార. ఆ చార వల్లే దానికి ఆ పేరు. రెయిన్‌బో, బ్రౌన్ అనే మిగతా రెండు రకాల ట్రౌట్‌లు మనుషులు తెచ్చి వదిలినవి. రెయిన్‌బో పసిఫిక్ తీరం నుంచి వచ్చింది. బ్రౌన్ 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అమెరికా చేరింది. కట్‌త్రోట్ మాత్రం మంచుయుగం నాటినుంచీ అక్కడిదే. దాన్ని పట్టినవాళ్లు వదిలెయ్యాలన్నది అక్కడి నిబంధన. చెయ్యి తడుపుకుని, నీళ్లలోనే ఉంచి, గాలం తీసి, దాని తల ఎగువకి తిప్పి పట్టుకున్నాను. మొప్పలు రెండుసార్లు, మూడుసార్లు ఆడాయి. నా అరచేతిని తోకతో ఒక్క తోపు తోసి వెళ్లిపోయింది.

"వదిలేసేదానికి పట్టడం దేనికమ్మా?" అని నాన్న ఫోనులో అడిగారు. మాకు చేపంటే పులుసు, వేపుడు, ఇంటికొచ్చిన అల్లుడికి మర్యాద. ఆయన ప్రశ్నలో తప్పులేదు. గాలం గుచ్చుకుంటే చేపకి బాధే, అది కాదని నేను అనలేను. ఎండాకాలంలో నీరు వేడెక్కితే పట్టి వదిలిన చేప బతకదు కూడా. అందుకే మోంటానాలో నీటి వేడి వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మధ్యాహ్నం రెండునుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేస్తారు. వసంతంలో చల్లటి నీళ్లలో చేప త్వరగా తేరుకుంటుంది, కానీ అప్పుడు ఇంకో జాగ్రత్త. అది రెయిన్‌బోలు గుడ్లు పెట్టే కాలం. గులకరాళ్ల మీద పళ్లెమంత చోటు కడిగినట్టు తెల్లగా కనిపిస్తే అది గూడు. అక్కడ అడుగు వెయ్యకూడదు, గాలం వెయ్యకూడదు. పడవ దిగేటప్పుడల్లా గైడు ముందు నేల చూస్తాడు.

నాన్నకి నేను చెప్పిన జవాబు వేరే. ఆ ఏటి మీద తేలే మనుషులే ఆ ఏటిని కాపాడారు నాన్నా అన్నాను. ఒకప్పుడు మోంటానాలో కూడా తొట్లలో పెంచిన ట్రౌట్‌లని లారీల్లో తెచ్చి నదుల్లో పోసేవారు. డిక్ విన్సెంట్ అనే జీవశాస్త్రవేత్త మాడిసన్ నదిలో, ఓడెల్ అనే వాగులో ఏళ్ల తరబడి చేపల్ని లెక్కపెట్టి చూశాడు. పెంపుడు చేపల్ని పోసిన చోట ఏట్లో పుట్టిన చేపలు తగ్గుతున్నాయి. పొయ్యడం ఆపిన చోట పెరుగుతున్నాయి. చేపలు పట్టేవాళ్లలోనే చాలామందికి ఇది మింగుడుపడలేదు. అయినా 1974లో రాష్ట్రం తన ట్రౌట్ నదుల్లో చేపలు పొయ్యడం మానేసింది. ఆ రోజు నా చేతిలోంచి పోయిన చేప ఆ నిర్ణయానికి మనవరాలో, మునిమనవరాలో.

ఆ రోజుల్లోనే లివింగ్‌స్టన్‌కి ఎగువన అలెన్‌స్పర్ అనే కొండ సందులో ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదన గట్టిగా వచ్చింది. కట్టి ఉంటే నేను చెప్పిన పారడైజ్ వ్యాలీ దాదాపు 30 మైళ్ల మేర నీళ్లకింద ఉండేది. అక్కడి రైతులు, పశువుల కాపరులు, గైడులు, ఊళ్లోవాళ్లు కలిసి వద్దన్నారు. 1978లో రాష్ట్రం ఏటి నీళ్లలో కొంత వాటాని ఏటికే, అందులో చేపలకే కేటాయించింది. నీరు నదిలో పారడం కూడా నీటి వినియోగమే అని కాగితం మీద రాసుకున్నారు. 1985లో ఇంకో చట్టం. ఒడ్డు ఎవరిదైనా సరే, మామూలు వరద గట్టు లోపల నీళ్లమీద తిరిగే హక్కు అందరికీ ఉందని. అందుకే కోట్ల విలువచేసే పొలాల మధ్యనుంచి మా పడవ ఎవరినీ అడగకుండా పోగలుగుతోంది.

ఆనకట్టలు చెడ్డవని నేను అనను. డెల్టా బిడ్డని. 1852లో కాటన్ దొర దవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టకపోతే మా తాతలకి అన్నం లేదు. మా ఇళ్లలో ఆయన పటం దేవుడి పటాల పక్కనే ఉండేది. అయితే వరదకాలంలో ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే పులస అక్కడే ఆగిపోతుందన్న సంగతి కూడా మాకు తెలుసు. ప్రతి ఏటికీ ఒక లెక్క ఉంటుంది, దాని లాభమూ నష్టమూ అక్కడి మనుషులే తూచుకోవాలి. ఎల్లోస్టోన్ దగ్గర వాళ్లు తూచుకుని, ఏటిని వదిలేశారు. దాని ఫలం నాకు రాళ్లలో కనిపించింది. ట్రౌట్ గుడ్లు గులకరాళ్ల సందుల్లో ఉంటాయి, వాటి చుట్టూ నీరు ఆడుతూ ఉండాలి. సన్నపు ఒండ్రు చేరితే ఊపిరాడక చచ్చిపోతాయి. ఏటా జూన్‌లో వచ్చే ఆ బురద వరదే రాళ్లని దొర్లించి, కడిగి, కొత్త గులకమెట్టలు వేసి పోతుంది. మా చేపలవేటని ఆపేసే వరదే చేపల పురిటిగదిని శుభ్రం చేస్తోందన్నమాట. ఈ సంగతి గైడు చెప్పినప్పటినుంచి ఏరు బురదెక్కితే విసుక్కోవడం మానేశాను.

అంతా క్షేమంగా ఉందని అనుకోకండి. 2016 ఆగస్టులో ఎండలు ముదిరి, నీరు తగ్గి, వెచ్చబడి, ఒక పరాన్నజీవి వల్ల వైట్‌ఫిష్ అనే చేపలు వేలాదిగా చచ్చి తేలాయి. 183 మైళ్ల నదినీ, దాని ఉపనదుల్నీ మనుషులకి మూసేశారు. పడవలు షెడ్లలో పడున్నాయి. గైడులకి సంపాదన ఉండే కాలమే అది. మా గైడుని ఆ రోజుల గురించి అడిగితే కాసేపు తెడ్డు ఆపి, "మూసింది సరైన పనే" అని మాత్రం అన్నాడు. 2022 జూన్‌లో మంచుమీద పెద్ద వాన పడి మునుపెన్నడూ లెక్కకెక్కని వరద వచ్చింది. గార్డినర్ దగ్గర పార్కులోకి వెళ్లే రోడ్డు ముక్కలు ముక్కలుగా కొట్టుకుపోయింది. ఆ తర్వాతి వసంతంలో మేం వెళితే తెలిసిన మెట్టలు లేవు, తెలిసిన పాయలు లేవు. గైడు ముప్ఫై ఏళ్లుగా తెలిసిన ఏటిని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు.

ఆ కట్‌త్రోట్ పట్టిన సాయంత్రం కార్టర్స్ బ్రిడ్జికి చేరేసరికి గాలి పడిపోయింది. గూడబాతులు పది పన్నెండు ఒక పాయలో వరసగా ఈదుతున్నాయి. కొల్లేటి గూడబాతులకి దూరపు చుట్టాలు, ఇంకా తెల్లన. మేం ఆ రాత్రి ఏటి ఒడ్డున ఒక చెక్క ఇంట్లో ఉన్నాం. పడుకునేముందు ఒడ్డుకి వెళ్లాను. చలి లేదు. శాలువా అవసరం పడలేదు. వరద రోజుల్లో నాన్న ఏటిగట్టు దిగి, నీటి అంచున ఒక పుల్ల పాతి వచ్చేవారు. పొద్దున్నే లేచి పుల్ల చూసుకుంటే గోదారి పెరిగిందో తీసిందో తెలిసేది. నేనూ ఒక విల్లో కొమ్మ విరిచి నీటి అంచున గుచ్చాను.

తెల్లవారి వెళ్లి చూస్తే కొమ్మ జానెడు నీళ్లలో ఉంది. నీరు బెల్లపు పానకం రంగు తిరిగింది. వెనక అమ్మాయి రెండు కాఫీ కప్పులతో వచ్చి నిలబడింది.

"ఇంక జూలైకేనమ్మా" అంది.

కొమ్మ చుట్టూ చిన్న సుడి తిరుగుతోంది. ఒక క్యాడిస్ పురుగు ఆ కొమ్మ చివర, రెక్కలు వాల్చుకుని కూర్చుని ఉంది.